మైనింగ్‌కి ఏ మెషిన్ కొనాలి అని అడుగుతున్న తమ్ముళ్లకి



ఈ నెలలో గ్రూపులో నలుగురు ఒకటే ప్రశ్న అడిగారు. "అన్నా, బిట్‌కాయిన్ మనవల్ల కాదు గానీ, లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్, మొనేరో లాంటి కాయిన్లు మైనింగ్ చెయ్యాలంటే ఏ మెషిన్ కొంటే మంచిది?" అని. విడిగా మెసేజ్ పెట్టి అడిగినవాళ్లు ఇంకొందరు. ఒక్కొక్కరికి చెప్పేకంటే అందరికీ ఒకేచోట రాస్తే మేలనిపించింది. పెద్ద పోస్టే. డబ్బు పెట్టే ఆలోచన ఉన్నవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

నా గురించి రెండు ముక్కలు. మాది సీతంపేట ఏజెన్సీలో ఒక సవర గూడ. ఆశ్రమ పాఠశాలలో చదివి, పాలిటెక్నిక్ చేసి, ఏడేళ్లుగా విశాఖలో ఒక కంప్యూటర్ రిపేరు షాపులో పని చేస్తున్నాను. 2021లో మైనింగ్ జోరుగా ఉన్నప్పుడు షాపుకొచ్చినవాళ్లకి రిగ్గులు బిగించాను. 2022 చివర్లో అవే కార్డులు అట్టపెట్టెల్లో తిరిగి మా బల్ల మీదికొస్తే విప్పి శుభ్రం చేసిందీ నేనే. సొంతానికి మాత్రం ఒక్కటీ కొనలేదు. అలా చూసి నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

మెషిన్ లోపల జరిగే పని

మైనింగ్ అంటే తవ్వకం కాదు, లెక్కల పుస్తకం రాయడం. ఎవరు ఎవరికి ఎంత కాయిన్ పంపారో రాసుకునే పుస్తకంలో కొత్త పేజీ రాసే హక్కు కోసం ప్రపంచమంతా మెషిన్లు పోటీ పడతాయి. ఒక తాళానికి కోట్లకొద్దీ తాళంచెవులు ఒక్కొక్కటే పెట్టి చూడటం లాంటిది ఆ పోటీ. ఇక్కడ తెలివితో పని లేదు. ఎన్ని చెవులు తిప్పితే అంత అవకాశం. సెకనుకి ఎన్నిసార్లు తిప్పగలదో దాన్నే హాష్‌రేటు అంటారు. తిప్పిన ప్రతిసారీ కరెంటు ఖర్చవుతుంది.

ఇంకో సంగతి అమ్మేవాళ్లు చెప్పరు. మొనేరోలో సుమారు రెండు నిమిషాలకొక పేజీ, పేజీకి 0.6 కాయిన్. అంటే రోజుకి 432 కాయిన్లు. ప్రపంచంలో పది మెషిన్లు తిరిగినా పది లక్షలు తిరిగినా ఆ 432 మారదు. మెషిన్లు పెరిగేకొద్దీ తాళం దానంతటదే గట్టిపడుతుంది. పండగనాడు అంబలి కుండ ఒకటే, వచ్చేవాళ్లు పెరిగితే ఒక్కొక్కరి డొప్పలో పడేది తగ్గుతుంది కదా, అలాగే. అందుకని "ఈ మెషిన్‌కి రోజుకి ఇంత వస్తుంది" అని ఎవడైనా చెప్తే అది ఆ రోజు లెక్క. వచ్చే నెలకి అది నిలబడదు.

మూడు రకాల మెషిన్లు

మొదటిది మామూలు కంప్యూటర్‌లో ఉండే ప్రాసెసర్, అంటే సీపీయూ. మొనేరో దీనికోసమే ఉంది. 2019 నవంబరు నుంచి మొనేరో వాడుతున్న ర్యాండమ్‌ఎక్స్ అనే పద్ధతిని మామూలు ప్రాసెసర్లకి అనుకూలంగా, ప్రత్యేక మెషిన్లకి కష్టంగా ఉండేట్టు తయారుచేశారు. దానికి 2 జీబీ పైగా ర్యామ్ కావాలి, ఒక్కో థ్రెడ్‌కి 2 ఎంబీ క్యాష్ మెమరీ కావాలి. రైజెన్ ప్రాసెసర్లని మెచ్చుకునేది అందుకే. వాటిలో క్యాష్ ఎక్కువ.

రెండోది గ్రాఫిక్స్ కార్డు, అంటే జీపీయూ. ఇథీరియం క్లాసిక్, రావెన్‌కాయిన్ లాంటివాటికి ఇది వాడతారు. ఇక్కడ ముఖ్యం కార్డు మీదుండే మెమరీ. ఆరేసి కార్డులు ఒక ఇనుప చట్రానికి బిగించి నడిపేదాన్నే రిగ్గు అంటారు.

మూడోది యాసిక్. ఒక్క లెక్కకే పుట్టిన చిప్పు. లైట్‌కాయిన్, డోజ్‌కాయిన్ ఈ రోజుల్లో దీనితోనే. ఆ రెండూ ఒకే రకం లెక్క, 2014 నుంచి ఒకే మెషిన్‌తో రెండూ కలిపి మైనింగ్ చెయ్యొచ్చు. పలాస, కాశీబుగ్గలో జీడిపిక్కలు కోసే మెషిన్ మీలో చాలామంది చూసే ఉంటారు. పిక్క కొయ్యడంలో దానికి సాటి లేదు. పిక్కలు లేని రోజున దాంతో చోళ్లు విసరగలమా? యాసిక్ కూడా అంతే. ఆ లెక్క ఒక్కటే చేస్తుంది. సినిమా ఆడదు, టైపింగ్ రాదు, పరీక్షకి చదువుకోడానికీ పనికిరాదు.

కాయిన్ మారితే మెషిన్ గతేంటి

2011 అక్టోబరులో లైట్‌కాయిన్ మొదలైనప్పుడు మామూలు కంప్యూటర్లతోనే మైనింగ్ చేసుకోవచ్చన్నారు. 2014కల్లా దానికి యాసిక్‌లు వచ్చేశాయి. మామూలు కంప్యూటర్లు, గ్రాఫిక్స్ కార్డులు పోటీలో లేకుండా పోయాయి.

2018 మార్చిలో బిట్‌మెయిన్ కంపెనీ మొనేరో రకం లెక్క కోసం ఎక్స్3 అనే యాసిక్ ప్రకటించింది. ఏప్రిల్‌లో మొనేరో తన లెక్క పద్ధతినే మార్చేసుకుంది. మొనేరో కోసం ఆశపడి ముందే డబ్బు కట్టినవాళ్ల చేతికి, మొనేరో తవ్వలేని మెషిన్ వచ్చింది.

ఇథీరియం సంగతి ఇంకా పెద్దది. దాని లెక్కకి కావాల్సిన మెమరీ కాలంతోపాటు పెరుగుతూ పోయేది. 2020 చివరికి అది 4 జీబీ దాటింది. అంతే, 4 జీబీ కార్డులన్నీ ఇథీరియంకి పనికిరాకుండా పోయాయి. 8 జీబీ కార్డులవాళ్లు మనకేం భయం లేదనుకున్నారు. 2022 సెప్టెంబరు 15న ఇథీరియం మైనింగ్ పద్ధతినే వదిలేసింది. ప్రపంచంలో ఆ కాయిన్ మీద తిరిగిన గ్రాఫిక్స్ కార్డులన్నింటికీ ఒక్కరోజులో పని పోయింది. చాలామంది ఇథీరియం క్లాసిక్, రావెన్‌కాయిన్ వైపు పరిగెత్తారు. కుండ చిన్నది, జనం ఎక్కువ. డొప్పలో చుక్క కూడా పడలేదు.

కొత్త మెషిన్ వచ్చినా పాతది చచ్చినట్టే. 2017లో వచ్చిన ఎల్3+ అనే యాసిక్ 800 వాట్ల కరెంటుతో సెకనుకి 504 మెగాహాష్ తిప్పుతుంది. 2021లో వచ్చిన ఎల్7 రకం 3,425 వాట్లతో 9,500 మెగాహాష్ తిప్పుతుంది. ఎల్7 ఒక్కటి చేసే పనికి ఎల్3+లు 19 కావాలి. ఆ 19కి 15,200 వాట్లు. అంటే పాత మెషిన్‌వాడు అదే పనికి నాలుగు రెట్లకి పైగా కరెంటు కాలుస్తాడు. పాత యాసిక్ చవగ్గా దొరకడానికి కారణం ఇదే.

"మనకి కరెంటు ఫ్రీ కదా"

ఇప్పుడు మన దగ్గరికొద్దాం. పోయిన ఏడాది జీడిపిక్కలు అమ్మాక మా చిన్నాన్న దగ్గర కొంత డబ్బు చేరింది. ఆయన కొడుకు, నా తమ్ముడు, డిగ్రీ అయ్యి ఊళ్లోనే ఉన్నాడు. ఆన్‌లైన్లో ఎవడో పాత ఎల్3+ 18 వేలకి ఇస్తానన్నాడట. కొనేద్దామని ఫోన్ చేశాడు. ఆదివారం ఊరెళ్లి అరుగు మీద కూర్చుని, పాత క్యాలెండరు వెనక లెక్క రాశాం.

వాడు మొదటే అన్నాడు. "అన్నా, వైజాగ్‌లో నువ్వు చూసే లెక్క వేరు. మనం ఎస్టీలం, మనకి 200 యూనిట్ల దాకా కరెంటు ఫ్రీ. ఇంక ఖర్చేటి?"

ఈ మాట మీలో చాలామంది మనసులోనూ ఉంది. అందుకే ఆ క్యాలెండరు లెక్క మొత్తం రాస్తున్నాను.

800 వాట్లు అంటే గంటకి 0.8 యూనిట్. రోజుకి 19.2. నెలకి 576 యూనిట్లు. ఇంట్లో బల్బులు, ఫ్యాను, టీవీకి 60 యూనిట్లు వేసుకుందాం. మొత్తం 636. ఉచితం 200 దగ్గరే ఆగిపోతుంది. 2022లో సవరించిన ఇంటి కరెంటు రేట్లలో మొదటి 30 యూనిట్లకి రూ.1.90, తర్వాత 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75, ఆపైన రూ.9.75. ఆ రేట్లతో, రాయితీ లేదనుకుని 636 యూనిట్లకి లెక్కేస్తే రూ.4,849. ఇతర చార్జీలు దీని మీద అదనం. అదే 60 యూనిట్లకైతే రూ.147. అంటే మెషిన్ తినేది నెలకి సుమారు రూ.4,700.

ఇక రాబడి. అంకెలు రోజూ మారతాయి కాబట్టి లెక్క కోసం కొన్ని అనుకుందాం. ప్రపంచంలో లైట్‌కాయిన్ మెషిన్లన్నీ కలిపి సెకనుకి 2 పెటాహాష్ తిప్పుతున్నాయనీ, లైట్‌కాయిన్ ధర రూ.8,000, డోజ్‌కాయిన్ రూ.15 అనీ అనుకుందాం. లైట్‌కాయిన్ రోజుకి పుట్టేవి 3,600. డోజ్‌కాయిన్ రోజుకి కోటీ 44 లక్షలు. అందులో 504 మెగాహాష్ వాటాకి రోజుకి 0.0009 లైట్‌కాయిన్, మూడున్నర డోజ్‌కాయిన్ల పైన కొంచెం వస్తాయి. రెండూ కలిపి రోజుకి రూ.62 దాకా. నెలకి సుమారు రూ.1,850. నాలుగువేల ఏడొందలు పెట్టి పద్దెనిమిదొందల యాభై తెచ్చుకోవడం. ధరలు రెండింతలైనా నష్టమే.

"అయితే 200 దాటకుండా నడుపుతా" అన్నాడు. సరే, అదీ రాశాం. ఇంటికి 60 పోగా మిగిలేది 140 యూనిట్లు. ఆ 140తో ఈ మెషిన్ నెలలో ఏడు రోజులు నడుస్తుంది. వచ్చేది రూ.450. పెట్టిన 18 వేలు తిరిగి రావడానికి 40 నెలలు. అదీ మెషిన్ పాడవకుండా, కుండ దగ్గర జనం పెరగకుండా ఉంటే. గాలొస్తే మన దగ్గర కరెంటు ఎన్నాళ్లు పోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత చీకట్లో గడిపినవాళ్లం మనం.

అప్పుడు వాడికి కోపం వచ్చింది. "నువ్వు పట్నంలో జీతం తీసుకుంటావ్. నాకు ఊళ్లోనే ఏదో ఒకటి ఉండాలి కదా. అందరూ వెళిపోతే అయ్యనీ అమ్మనీ ఎవడు సూస్తాడు?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మన కుర్రాళ్లు మైనింగ్ మీద ఆశపడేది ఇందుకే. ఊరు వదలకుండా, ఎవడి కిందా పని చెయ్యకుండా, పోడు మీద భారం వెయ్యకుండా బతకాలని. ఆ ఆశలో తప్పేం లేదు. ఆ ఆశని చూపించి పాత ఇనుము అమ్మేవాళ్లతోనే నాకు పేచీ.

మా పిన్ని అప్పటిదాకా వింటూ కూర్చుంది. చివర్లో ఒక్కటే అడిగింది. "ఒరే, ఈ డబ్బా తిరిగితే మన పక్కింటోళ్ల లైటు ఎలుగుతాదా, ఆరిపోతాదా?"

అది నేను వెయ్యని లెక్క. మా గూడకి ఉన్న ట్రాన్స్‌ఫార్మరు 25 కేవీఏ. నలభై ఇళ్లు, రెండు మోటార్లు దాని మీదే. ఇప్పటికే సాయంత్రం ఏడింటికి ఓల్టేజి పడిపోయి ఫ్యాన్లు మెల్లగా తిరుగుతాయి. దాని మీద ఒకడు ఎల్7 పెట్టాడనుకోండి, రాత్రీ పగలూ మూడున్నర వేల వాట్లు ఒక్కడే లాగుతాడు. ట్రాన్స్‌ఫార్మరు కాలితే చీకట్లో ఉండేది నలభై ఇళ్లు. కొత్తది కొండ ఎక్కేదాకా పిల్లల చదువు, తాగునీటి మోటారు అన్నీ ఆగిపోతాయి. ఉచిత కరెంటు ఇంటి దీపానికి ఇచ్చింది. దాన్ని కాయిన్లకి కాల్చారన్న మాట ఒకసారి బయటికొస్తే, వేలెత్తి చూపేది ఆ ఒక్కడినే కాదు, మనందరినీ.

చట్టం కూడా తెలుసుకోండి. ఇంటి అవసరానికి తీసుకున్న కనెక్షన్ మీద వేరే పని నడిపితే 2003 విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెండింతల రేటుతో బిల్లు వెయ్యొచ్చు. హాస్టల్ ప్లగ్గులోనో కాలేజీ ల్యాబులోనో పెడదామని ఒక తమ్ముడు సరదాగా రాశాడు. దయచేసి అలాంటి పని చెయ్యకండి. దొరికితే పోయేది మీ సీటు.

ఎస్టీలకి పన్ను లేదన్న మాట

ఇది కూడా చాలామంది నమ్ముతున్నారు. ఎస్టీలకి ఆదాయపు పన్ను మినహాయింపు ఉన్న మాట నిజమే గానీ, అది ఈశాన్య రాష్ట్రాల్లోని కొన్ని ప్రాంతాల్లో, లడఖ్‌లో ఉండే ఎస్టీలకి, అక్కడ వచ్చే ఆదాయానికి. ఆంధ్రాలో ఉన్న మనకి వర్తించదు.

క్రిప్టో మీద 2022 ఏప్రిల్ 1 నుంచి లాభంలో 30 శాతం పన్ను. ఆ ఏడాది జులై నుంచి అమ్మినప్పుడు 1 శాతం టీడీఎస్. అన్నిటికంటే ముఖ్యమైనది ఇది: మైనింగ్ మెషిన్లకి పెట్టిన ఖర్చుని కాయిన్ కొన్న ఖర్చుగా లెక్కలోకి తీసుకోమని ప్రభుత్వం 2022 మార్చిలో పార్లమెంటులోనే చెప్పింది. అంటే మెషిన్‌కి పెట్టిందీ, కరెంటుకి పెట్టిందీ తీసేసి మిగిలినదానికి పన్ను కాదు. కాయిన్ అమ్మితే వచ్చినదాని మీద పన్ను. ఒక కాయిన్‌లో పోయింది ఇంకో కాయిన్‌లో వచ్చినదాంట్లో కొట్టేసుకోడానికీ లేదు. ఇందాకటి రూ.1,850లో రూ.555 అలా పోతుంది.

మొనేరోకి ఇంకో చిక్కుంది. ఎవరు ఎవరికి పంపారో కనిపించని కాయిన్ కావడంతో పెద్ద ఎక్స్ఛేంజీలు దాన్ని వదిలేస్తున్నాయి. 2024 ఫిబ్రవరిలో బైనాన్స్ కూడా తీసేసింది. సంపాదించినా రూపాయిల్లోకి మార్చుకోవడం కష్టం.

పాత గ్రాఫిక్స్ కార్డు కొనేవాళ్లకి

చదువుకోసమో, ఎడిటింగ్ కోసమో పాత కార్డు కొనేవాళ్లు చాలామంది ఉన్నారు. మైనింగ్‌లో తిరిగిన కార్డు అంటే భయపడక్కర్లేదు, చూసుకుని కొనాలి. మా షాపులో చూసేవి చెప్తాను.

ఫ్యాన్లు చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే బేరింగ్ పోయినట్టే. మెమరీ చిప్పుల దగ్గర నూనెలా కారి ఉంటే లోపల థర్మల్ ప్యాడ్లు ఎండిపోయాయి. విశాఖ, భీమిలి లాంటి సముద్రం గాలి తగిలే చోట్ల తిరిగిన కార్డుకి స్క్రూలు, పోర్టుల దగ్గర తుప్పు చూడండి. జీపీయూ-జెడ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బయోస్ వివరాలు చూసి, అసలు మోడల్‌తో పోల్చండి. మైనింగ్ కోసం బయోస్ మార్చిన కార్డులు గేముల్లో, వీడియోల్లో ఆగిపోతుంటాయి. డబ్బిచ్చే ముందు కనీసం అరగంట పూర్తి లోడు మీద నడిపించమనండి. నడిపించనంటే లేచి వచ్చెయ్యండి.

సీఎంపీ అనే పేరుతో 2021లో ఎన్విడియా మైనింగ్ కోసమే కొన్ని కార్డులు వదిలింది. వాటికి మానిటరు పెట్టే పోర్టే ఉండదు. చవగ్గా ఉందని తీసుకుంటే తెర మీద బొమ్మ రాదు.

ఇంకోటి ప్రాణానికి సంబంధించింది. రిగ్గుల్లో కార్డుని బోర్డుకి కలిపే రైజర్‌కి సాటా కేబులుతో కరెంటు ఇస్తుంటారు. సాటా కనెక్టరు తట్టుకునేది 54 వాట్లు. రైజర్ 75 వాట్ల దాకా లాగగలదు. కనెక్టరు కరిగి అంటుకున్న కేసులు మా బల్ల మీదికే వచ్చాయి. గడ్డి కప్పున్న ఇల్లు, ఎర్తింగు సరిగ్గా లేని స్విచ్‌బోర్డు, దాని కింద రాత్రంతా తిరిగే రిగ్గు. ఇంతకంటే చెప్పక్కర్లేదు. యాసిక్ అయితే మిక్సీ ఇరవైనాలుగు గంటలూ తిరిగినట్టు మోత. పసిపిల్లలున్న ఇంట్లో పెట్టే వస్తువు కాదు.

మెషినే చూపించని మైనింగ్

"మెషిన్ మా దగ్గరే ఉంటుంది, మీరు డబ్బు కట్టండి, నెలనెలా కాయిన్ మీ ఖాతాలో పడుతుంది" అనేవాళ్లు ఇంకో రకం. దీన్ని క్లౌడ్ మైనింగ్ అంటారు. మన దేశంలో దీనికి పెద్ద ఉదాహరణ గెయిన్‌బిట్‌కాయిన్. 2015లో మొదలైంది. 18 నెలల పాటు నెలకి 10 శాతం ఇస్తామన్నారు. పాతవాళ్లకి కొత్తవాళ్ల డబ్బు తిప్పారన్నది ఆరోపణ. నడిపిన అమిత్ భరద్వాజ్ 2018లో అరెస్టయ్యాడు, 2022లో చనిపోయాడు. కేసుల్లో ఈడీ, సీబీఐ రెండూ దిగాయి. జనం డబ్బు మాత్రం ఇంకా తేలలేదు. అగ్రిగోల్డ్ బాండ్లు పట్టుకుని తిరిగినవాళ్లు మన జిల్లాల్లోనూ ఉన్నారు. ఆ బాధ మళ్లీ మనకెందుకు?

ఫోనులో రోజుకొకసారి బటన్ నొక్కితే మైనింగ్ అవుతుందనే యాప్‌లు కూడా ఉన్నాయి. ఫోను ప్రాసెసర్‌తో నిజంగా మైనింగ్ చేసే యాప్‌లని గూగుల్ తన ప్లే స్టోర్‌లో 2018లోనే నిషేధించింది. కాబట్టి మీరు నొక్కే బటన్ ఏ తాళమూ తిప్పట్లేదు. మీ నంబరూ, మీరు చేర్పించిన స్నేహితుల నంబర్లూ మాత్రం వాళ్లకి చేరతాయి.

మరి ఏం కొనాలి

నా మాట సూటిగా చెప్తున్నాను. కాయిన్ చచ్చిపోయినా పనికొచ్చే మెషిన్ కొనండి. యాసిక్ ఎంత చవగ్గా వచ్చినా వద్దు.

మైనింగ్ ఎలా నడుస్తుందో నేర్చుకోవాలనే ఆసక్తి ఉంటే రైజెన్ 5 లాంటి ఆరు కోర్ల ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్ ఉన్న డెస్క్‌టాప్ చాలు. అందులో లినక్స్ వేసి, మొనేరో సాఫ్ట్‌వేర్ రెండు రాత్రులు నడిపి చూడండి. సెకనుకి ఆరేడు వేల హాష్‌లు వస్తాయి. నెట్‌వర్క్ మొత్తం 5 గిగాహాష్, కాయిన్ ధర రూ.25,000 అనుకుంటే రోజుకి రూ.15. వంద వాట్లకి రోజుకి 2.4 యూనిట్లు. రూ.6 రేటు పడితే రూ.14 పైన కరెంటు. బిల్లుకీ రాబడికీ సరిగ్గా చెల్లు. కానీ లినక్స్ వాడటం, నెట్‌వర్కు, పబ్లిక్ కీ, ప్రైవేట్ కీ, వ్యాలెట్ ఇవన్నీ చేత్తో చేసి నేర్చుకుంటారు. అవి ఇంటర్వ్యూలో అడుగుతారు. నేర్చుకున్నాక ఆపెయ్యండి.

కొంచెం ఎక్కువ డబ్బుంటే 12 జీబీ మెమరీ ఉన్న గ్రాఫిక్స్ కార్డు, ఆర్టీఎక్స్ 3060 లాంటిది, మంచి కంపెనీ పవర్ సప్లై, ఒక యూపీఎస్. ఈ కార్డుతో వీడియో ఎడిటింగ్ చెయ్యొచ్చు, మాటని రాతగా మార్చే ఏఐ మోడళ్లు నడపొచ్చు. వందేళ్ల కిందట గిడుగు రామమూర్తి గారు కాగితం, కలం పట్టుకుని మన గూడల్లో తిరిగి సవర మాటలు రాసుకున్నారు. మంగేయి గొమాంగో 1936లో మన భాషకి లిపి తయారుచేశారు. 2012లో అది యూనికోడ్‌లోకి వచ్చింది. ఇంత జరిగినా, ఫోన్లో సవరలో మాట్లాడితే రాసిపెట్టేది ఏదీ మన చేతికి రాలేదు. మన ముసలమ్మల కథలు, మందుమొక్కల పేర్లు రికార్డు చేసి, ఇలాంటి కార్డు మీద ఆ పని మొదలుపెట్టొచ్చు. సవర, జాతాపు, గదబ, కొండదొర, ఏ పిల్లలైనా. కార్డు వాట్లు అవే. దాంతో ఏం చేస్తామన్నదే తేడా.

తమ్ముడి సంగతి అడుగుతారు కాబట్టి చెప్తున్నాను. యాసిక్ కొనలేదు. ఆ డబ్బుతో పాత డెస్క్‌టాపు, ఒక ప్రింటరు కొన్నాడు. స్కాలర్‌షిప్ దరఖాస్తులు, హాల్‌టికెట్లు, పట్టా కాగితాల జిరాక్సులు చేస్తున్నాడు. పెద్ద రాబడి కాదు, సీజన్లో పర్వాలేదు, మిగతా రోజుల్లో అంతంతమాత్రం. ఇంకా నా మీద కొంచెం గుర్రుగానే ఉన్నాడు. డోజ్‌కాయిన్ ధర పెరిగినప్పుడల్లా నాకు స్క్రీన్‌షాట్ పెడతాడు. నేను ఆ రోజు యూనిట్ల లెక్క తిరిగి పెడతాను.

కొనాలనుకునేవాళ్లు అడ్వాన్సు కట్టక ముందు నాలుగు సంగతులు కనుక్కోండి. మెషిన్ మోడల్ ఏంటి, ఎన్ని వాట్లు, మీ ఇంటి నెల యూనిట్లు ఎన్ని, మీ గూడ ట్రాన్స్‌ఫార్మరు ఎంత. వాట్లని 0.72తో గుణిస్తే నెలకి యూనిట్లు వస్తాయి. ఆ నాలుగూ కింద కామెంట్లో రాస్తే నేనో, మన గ్రూపులో ఐటీఐ ఎలక్ట్రికల్ చదివినవాళ్లో లెక్క వేసి చెప్తాం. ఇప్పటికే కొన్నవాళ్లుంటే మీ కరెంటు బిల్లు, మీకు వచ్చిన కాయిన్ రెండూ పెట్టండి. నా లెక్కలో తేడా ఉంటే అందరం సరిచేసుకుందాం.

జోహార్.